ఆ గుంట పూడ్చండి!

ఇళ్ళ ప్లానులు గీసేవాళ్ళకి చదునైన నేలంటే ఎందుకో గిట్టదు. ఒకచోట ఎత్తు చేస్తారు, ఒకచోట పల్లం చేస్తారు, మధ్యలో రెండు మెట్లు పెడతారు, ఆ పైన దానికో ఇంగ్లీషు పేరు తగిలిస్తారు. పేరంటూ వచ్చాక ఇక అది లోపం కాదు, అందం! ఆ మెట్ల మీంచి కాఫీ ట్రే పట్టుకుని దిగేదెవరు, ఖాళీ కప్పులు పట్టుకుని ఎక్కేదెవరు అన్న సంగతి ప్లానులో ఎక్కడా కనబడదు. ప్లానులో సోఫాలు గీస్తారు గాని మనుషుల్ని గీయరు కదా.

నా గొడవ 'సంకెన్ లివింగ్ రూము' గురించి. ఇంట్లో మిగతా గదులన్నీ ఒక మట్టంలో ఉంటే, హాలు మాత్రం అడుగో, అడుగుంపావో కిందికి దిగి ఉంటుంది. మన పాత సాంఘిక సినిమాల్లో జమీందారుగారు డ్రెస్సింగు గౌను వేసుకుని, నోట్లో పైపు పెట్టుకుని దిగి వచ్చే హాలు గుర్తుందా? దాదాపు అలాంటిదే. సినిమాలో అయితే ఫరవాలేదు. అక్కడ కాఫీ తెచ్చేది నౌకరు. నౌకరు కాలు జారితే అది హాస్యం.

అమెరికాలో 1960లలో, 70లలో కట్టిన ఇళ్ళలో ఈ పల్లపు హాళ్ళు చాలా ఉన్నాయి. ఆ ఇళ్ళు చేతులు మారి మారి ఇవాళ మన పిల్లల చేతికి వస్తున్నాయి. టెక్సాస్‌లో డాలస్ పక్కన మా చెల్లెలు వాళ్ళు కొన్నది అలాంటిదే, 1976లో కట్టిన ఇల్లు. హాలు సరిగ్గా 14 అంగుళాలు కిందికి ఉంది. 7 అంగుళాల మెట్లు రెండు. ఏడాదిగా మా రెండు కుటుంబాల మధ్యా నలుగుతున్న తగాదా ఒక్కటే. ఆ నేల ఎత్తు చెయ్యాలా, వద్దా? చెయ్యాలని మా చెల్లెలూ నేనూ. వద్దని మా మరిది, ఆయన స్నేహితులు, ఆ స్నేహితుల్లో ఒక ఇళ్ళ బ్రోకరు. ఈ వ్యాసం మా మరిది తప్పకుండా చదువుతారు. చదవాలనే రాస్తున్నాను.

"అది మామూలు గుంట కాదు వదినగారూ, దానికో చరిత్ర ఉంది" అంటారాయన. ఉంది, కాదనను. ఇండియానా రాష్ట్రంలో కొలంబస్ అనే ఊళ్ళో ఇర్విన్ మిల్లర్ అనే పారిశ్రామికవేత్తకి, ఈరో సారినెన్ అనే పేరుమోసిన ఆర్కిటెక్టు ఒక ఇల్లు కట్టి ఇచ్చాడు. 1957లో పూర్తయింది. అందులో హాలు మధ్యన చతురస్రంగా ఒక పల్లం, దాని అంచుల వెంట మెత్తలు, రంగురంగుల దిండ్లు. ఆ అలంకరణ అలెగ్జాండర్ జిరార్డ్‌ది. ఫోటోలు చూస్తే కళ్ళు తిప్పుకోలేం. వేసవికొక రకం, చలికాలానికొక రకం గలీబులు మార్చేవారట. ఎవరు మార్చేవారో మాత్రం నేను చదివిన చోట రాయలేదు. అన్ని దిండ్లు చంకన పెట్టుకుని ఎవరో ఒకరు ఆ మెట్లు దిగి, ఎక్కి ఉంటారు గదా! తరవాత 1962లో తెరిచిన న్యూయార్కు విమానాశ్రయపు టి.డబ్ల్యు.ఎ. భవనంలోనూ ఇలాంటి పల్లమే పెట్టారు, ఎర్రటి తివాచీతో. అదీ సారినెన్ గీసిన భవనమే. ఇక 1970 నుంచి 1977 దాకా నడిచిన మేరీ టైలర్ మూర్ టెలివిజన్ షోలో కథానాయిక ఉండే అద్దె గదిలోనూ పల్లపు హాలే. టీవీలో చూసినదల్లా ఇంట్లో కావాలనుకోవడం మన ఒక్కళ్ళకే అంటిన జబ్బు కాదన్నమాట.

కాని ఆ దేశంవాళ్ళే దీన్ని ఏమని వెక్కిరించారో మా మరిది చెప్పరు. 1963లోనే 'టైమ్' పత్రిక దీనిమీద చమత్కారంగా ఓ ముక్క రాసింది. పార్టీల్లో పొద్దుపోయేదాకా ఉన్న అతిథులు అందులో పడిపోతున్నారట. కింద కూర్చున్నవాళ్ళకి పైన తిరిగేవాళ్ళ బూట్లూ, పంట్లాం అంచులూ తప్ప ఇంకేం కనిపించవట. ఆడవాళ్ళు గౌన్లతో ఆ అంచు దగ్గరికి రావాలంటే జంకుతున్నారట. పిల్లలూ కుక్కలూ పడిపోకుండా కటకటాలు కట్టుకోవలసి వస్తోందట. మా చెల్లెలి ఇంటికి పునాది పడడానికి 13 ఏళ్ళ ముందు మాట ఇది! అయినా ఆ ఇల్లు కట్టినవాడు గుంట తవ్వే కట్టాడు.

"మన మండువా లోగిళ్ళలో మాత్రం పల్లం లేదా?" అన్నది రెండో వాదం. దీంతో నా నోరు మూయించామని మురిసిపోయారు. మండువాలో పల్లం ఉంది. ఆ పల్లం మనుషులకి కాదు, వానకి. నాలుగు వైపుల చూరుల నుంచీ పడే నీళ్ళు నట్టింట్లోకి రాకుండా అక్కడ చేరి, తూములోంచి బయటికి పోవాలి. మనుషులు కూర్చునేది చుట్టూ ఉన్న వసారాలో, ఎత్తు మీద. సాయంత్రం నలుగురూ చేరి కబుర్లు చెప్పుకునేది వీధి అరుగు మీద. అదీ ఎత్తే. ఊళ్ళో పెద్దమనుషులు కూర్చునే రచ్చబండా ఎత్తే. మాట్లాడుకోవాలంటే గోతిలోకి దిగమని మన పెద్దలెవ్వరూ చెప్పినట్టు లేదు. గడపలుండేవి, నిజమే. గడపకి తగిలి బొటనవేలు చిట్లించుకోని వాళ్ళు మన తరంలో అరుదు. కాని ఆ గడప వాన నీటినీ, తేలునీ, పామునీ ఆపేది. తన పని తను చేసేది. బంజారా హిల్స్‌లో గుట్టల మీద కట్టిన కొన్ని ఇళ్ళలోనూ గదికీ గదికీ మెట్లుంటాయి. రాయి పగలగొట్టే కన్నా మెట్లు కట్టుకోవడం నయమని కట్టుకున్నవి. దానికీ ఓ అర్థముంది. మా చెల్లెలి పేట అరచెయ్యిలా చదునుగా ఉంటుంది. అక్కడ 14 అంగుళాల పల్లం ఎవర్ని ఆపుతోంది, ఏ నీళ్ళని పంపుతోంది?

ఇక అసలు వాదానికి వద్దాం. "చూసుకు నడవాలి."

ఈ ఒక్క మాట లేకపోతే నేనీ వ్యాసం రాసేదాన్నే కాదు. మన ఆడవాళ్ళు పుట్టినప్పటి నుంచీ వింటున్న మాట. పాలు పొంగితే చూసుకోవద్దూ? చీర చిరిగితే చూసుకోవద్దూ? కాలు మడత పడితే చూసుకు నడవద్దూ? మెట్టుది తప్పు కాదు, మేస్త్రీది తప్పు కాదు, ప్లాను గీసినవాడిది అంతకన్నా కాదు. తప్పు కాలిది. ఆ కాలు సాధారణంగా ఎవరిదై ఉంటుందో నేను వేరే చెప్పాలా?

పోనీ, దేంతో చూడమంటారు? చేతుల్లో ఆరు కప్పుల ట్రే ఉంటే దాని కింద ఉన్న పాదాలు కనిపించవు. ఏడో నెల కడుపుతో ఉన్న పిల్లకి ట్రే లేకపోయినా కనిపించవు. చంకలో పిల్లాడుంటే ఒక పక్కంతా మూతే. ఒక చేత్తో కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుంటే మిగిలేది ఒక్క చెయ్యి, అందులో మంచినీళ్ళ గ్లాసు. అరవై దాటినవాళ్ళ కళ్ళజోడులో కింది సగం పేపరు చదువుకోవడానికి చేసిన అద్దం. అందులోంచి మెట్టు అంచు చూస్తే అలుక్కుపోయినట్టుంటుంది. అదీగాక, మెట్లు పదో పన్నెండో ఉంటే దూరం నుంచే తెలుస్తుంది, మనిషి సర్దుకుంటుంది. ఒకటీ రెండూ ఉన్నచోటే కాలు మోసపోతుంది. పైనా కిందా ఒకే రంగు తివాచీ పరిచారో, అక్కడ మెట్టున్న సంగతే కంటికి ఆనదు. మా చెల్లెలి ఇంట్లో పరిచింది గోధుమరంగు తివాచీ, పైనా అదే, కిందా అదే.

నేను అక్కడ నెల్లాళ్ళున్నాను. ఒక శనివారం సాయంత్రం నాలుగు కుటుంబాలు భోజనానికి వచ్చాయి. ఊరికే కూర్చుని లెక్కపెట్టాను. మంచినీళ్ళకి, పకోడీలకి, టీకి, ఎవరికో చక్కెర లేని టీకి, కప్పులు తియ్యడానికి, ఒలికింది తుడవడానికి మా చెల్లెలు 15 సార్లు దిగి ఎక్కింది. 15 ఇంటూ 14, 210 అంగుళాలు. అంటే 17 అడుగుల 6 అంగుళాలు. మేడ ఎక్కి, ఇంకో మేడ సగం ఎక్కినట్టు! మా మరిది రెండుసార్లు దిగారు, రెండుసార్లు ఎక్కారు. అంతసేపూ అతిథులు ఆ హాలుని మెచ్చుకుంటూనే ఉన్నారు. మగవాళ్ళు "భలే ఉందండీ, క్లాసిక్" అన్నారు. వాళ్ళ భార్యలు ఏమీ అనలేదు. ఒకావిడ మాత్రం ఖాళీ పళ్ళెం వంటింట్లో పెడుతూ, "మీకు మోకాళ్ళు నొప్పెయ్యవుటండీ?" అని అడిగింది.

నాలుగో వాదం వినండి. "అత్తయ్యగారు ఆరు నెలలున్నారు. ఒక్కసారైనా పడ్డారా?"

పడలేదు. ఎందుకంటే మా అమ్మ దిగడం మానేసింది.

మా అమ్మకి 72 ఏళ్ళు. మొదటి వారం గోడ పట్టుకుని, ఒక్కో మెట్టు మీదా రెండు కాళ్ళూ ఆనించి, చిన్నపిల్లలా దిగిందట. రెండో వారం దిగేటప్పుడు ఎవరో ఒకరు చెయ్యి అందించారు. తన కోసం అస్తమానం ఒకరు లేచి రావడం ఆవిడకి నామోషీ అయింది. మూడో వారం భోజనాల బల్ల దగ్గర కుర్చీ ఒకటి మెట్ల అంచుదాకా జరుపుకుని అక్కడే కూర్చుంది. ఇక ఆ కుర్చీ ఆరు నెలలూ కదల్లేదు. అంతా కింద టీవీ చూస్తుంటే, పిల్లలు తివాచీ మీద బొమ్మలు పరుచుకుని ఆడుతుంటే, పండగనాడు అందరూ కింద సోఫాల్లో ఫోటోలు దిగుతుంటే, ఆవిడ మాత్రం ఏరు దాటలేక ఒడ్డున ఆగిపోయిన మనిషిలా గట్టు మీద. ఆ హాలుకి 'గుంట హాలు' అని పేరు పెట్టింది ఆవిడే. ఫోన్లో నేనడిగితే, "నాకేమే, ఇక్కణ్ణించి అందరూ కనబడతారు" అంది. మా అమ్మ అబద్ధమాడదు. అందరూ కనబడతారు. చెవి కాస్త మందం కనక ఎవరి మాటా సరిగ్గా వినబడదు, అంతే.

పడితేనే ప్రమాదమా అని అడుగుతున్నాను. కూతురి ఇంట్లో కూతురి పక్కన కూర్చోవడానికి 14 అంగుళాలు అడ్డం వస్తే, అది ప్రమాదం కాకపోతే మరేమిటి? ఇక పడడం మాటంటారా, ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల్లో ఏటా 6,84,000 మంది పడిపోవడం వల్లనే చనిపోతున్నారు. అమెరికాలో 65 దాటినవాళ్ళలో నలుగురిలో ఒకరికి పైగా ఏడాదిలో ఒక్కసారైనా పడుతున్నారని అక్కడి ప్రభుత్వ సంస్థలే చెబుతున్నాయి. తుంటి ఎముక విరిగిన పెద్దవాళ్ళు మళ్ళీ మునుపటిలా తిరగడం ఎంత కష్టమో ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరిని చూసే ఉంటారు. అందులోనూ ఆర్నెల్ల వీసా మీద వెళ్ళిన తల్లిదండ్రులు! వాళ్ళకి కొనే ఇన్సూరెన్సు కాగితంలో హామీలు పెద్ద అక్షరాల్లో ఉంటాయి, మినహాయింపులు చిన్న అక్షరాల్లో ఉంటాయి.

నేల ఎత్తడం ఇష్టం లేనివాళ్ళు చెప్పే ఉపాయాలు కొన్నున్నాయి. మెట్టు అంచున పసుప్పచ్చ టేపు అంటించండి అన్నారు. అంటించాం. ఆ మర్నాడే "హాలు ఫ్యాక్టరీలా ఉంది" అని పీకించింది టేపు అంటించమన్న మనిషే. చిన్న లైట్లు పెట్టించండి అన్నారు. లైటు కళ్ళకి పనికొస్తుంది, మోకాలికి పనికిరాదు. చేతికి ఆనడానికి కమ్మీ పెట్టించడం మంచిదే, వెంటనే చెయ్యవలసిన పని కూడా. ట్రే పట్టుకున్న మనిషి దేంతో పట్టుకుంటుందో అది వేరే సంగతి. ర్యాంపు వెయ్యమన్నారు ఒకాయన. ఆ దేశంలో చక్రాల కుర్చీకి తగిన వాలు అడుగు దూరానికి ఒక అంగుళం మించకూడదు. 14 అంగుళాలకి 14 అడుగుల ర్యాంపు! 18 అడుగుల హాల్లో 14 అడుగుల ర్యాంపు వేస్తే, కబుర్లు ర్యాంపు మీదే చెప్పుకోవాలి.

కాబట్టి నేల ఎత్తాలి. ఎత్తడం తేలిక అని నేననను. అది చాపలా పరిచేది కాదు. మూడు నెలలు అడిగి, చదివి తెలుసుకున్నది చెబుతున్నాను. ఆ హాలు 14 అడుగులు, 18 అడుగులు. అంత గుంటనీ కాంక్రీటుతో నింపితే దాదాపు 20 టన్నుల బరువు. నేలమీదే ఉన్న గది అయినా ఇంజనీరు చూడకుండా అంత బరువు పొయ్యకూడదు. అందుకే అక్కడివాళ్ళు చాలావరకు కర్ర దూలాలతో చట్రం కట్టి, పైన మందపాటి ప్లైవుడ్ బిగిస్తారు. కాంక్రీటుకి తగిలే కర్ర చెమ్మకీ చెదలకీ తట్టుకునేలా మందు ఎక్కించినదై ఉండాలి, కింద చెమ్మ రాకుండా ప్లాస్టిక్ పట్టా పరవాలి. దూలం, ప్లైవుడ్, పైన వేసే చెక్క, మూడూ కలిపి కచ్చితంగా 14 అంగుళాలు రావాలి. పావంగుళం తేడా వచ్చినా ఆ అంచుకి కాలి వేలు తగులుతుంది. మెట్టు పోయి గడప వస్తుంది.

గోడల సంగతి ఇంకా ఉంది. ప్లగ్గులన్నీ కొత్త నేలకి అంటుకుంటాయి, పైకి జరపాలి. చలిమంట గూడు ముందున్న రాతి పలక నేలలో కలిసిపోతుంది, మళ్ళీ కట్టాలి. కిటికీ అడుగంచు నేలకి దగ్గరవుతుంది. 18 అంగుళాల లోపుకి వస్తే, పెద్ద అద్దమైతే, పగిలినా కోసుకోని రకం అద్దం మార్చాలని అక్కడి నిబంధన. పెరట్లోకి తలుపు ఆ హాల్లోంచే ఉంటే ఇంకా చిక్కు. ఇంట్లో పీకేసిన మెట్టు వెళ్ళి ఆ తలుపు దగ్గర కూర్చుంటుంది. అదృష్టవశాత్తు మా చెల్లెలి హాల్లో పెరటి తలుపు లేదు. పైకప్పు కూడా ఒకే మట్టం. ఇప్పుడు హాల్లో 9 అడుగుల 2 అంగుళాలు, రేపు 8 అడుగులు. ఇంటంతటా ఉన్న ఎత్తే అది. ఊరి కార్యాలయంలో అనుమతి తీసుకోవాలి, తీసుకుంటారు.

ఆఖరి అడ్డు, అమ్మకం ధర. బ్రోకరుగారి మాట ప్రకారం ఆ పల్లం పూడిస్తే ఇంటి 'ఒరిజినాలిటీ' పోయి ధర తగ్గుతుందట. ఆయన మాటే నిజమనుకుందాం. ఇరవై ఏళ్ళ తరవాత ఎవరో కొనబోయే ముఖం తెలియని మనిషి ముచ్చట కోసం, ఇవాళ ఇంట్లో ఉన్న మనిషి రోజూ 15 సార్లు దిగి ఎక్కాలా? ఆ కొనే ఇంట్లో కాఫీ ట్రేలు మోసే ఆవిడ ఉండదా? కొనేవాడి సంగతి అంత తెలిసిన బ్రోకరుగారికి కొనేవాడి భార్య సంగతి తెలియకపోవడం చోద్యం. మిల్లర్ ఇంట్లో పల్లాన్ని ఎవరూ పూడ్చమనలేదు. అది ఇప్పుడు మ్యూజియం చేతిలో ఉంది, అక్కడికి వచ్చేవాళ్ళు టిక్కెట్టు కొనుక్కుని చూసి వెళ్ళిపోతారు. అక్కడ ఎవరూ టీ ఇవ్వరు.

ఇదంతా అమెరికా గొడవ, మనకెందుకు అనుకుంటున్నారేమో. ఈమధ్య హైదరాబాదులో కొత్త విల్లాల ఫోటోలు చూశారా? 'సంకెన్ సీటింగ్' అంటూ హాలు మధ్యలో గుంట తవ్వించి, చుట్టూ దిండ్లు పేర్చి, మధ్యలో ఇత్తడి ఉరుళి పెట్టి అందులో పూలు వేస్తున్నారు. గృహప్రవేశంనాడు పాలు పొంగించి, వచ్చిన పెద్దవాళ్ళని "జాగ్రత్తండీ, జాగ్రత్తండీ" అంటూ చెయ్యి పట్టుకుని దింపుతున్నారు. ఇంకా ప్లాను మీదే ఉంటే పెన్సిలు గీత చెరిపితే చాలు, పైసా ఖర్చు లేదు. ఇప్పటికే తవ్వించి, నేలమీది అంతస్తే అయితే పూడ్చడం తేలికే. మొరం 6 అంగుళాల చొప్పున పోస్తూ, నీళ్ళు కొడుతూ, పోసినప్పుడల్లా దిమ్మిసతో కుదించాలి. మేస్త్రీ తొందరపడి మొత్తం ఒక్కసారే పోసేస్తానంటాడు, పొయ్యనివ్వకండి. ఏడాది తిరక్కుండా నేల కుంగి, పలకలు బోలుగా మోగుతాయి. పై అంతస్తు అయితే మట్టి జోలికి పోవద్దు. 10 అడుగులు, 12 అడుగుల గుంటలో అడుగు లోతున మట్టి పోసినా 6 టన్నులకి తక్కువుండదు, దాన్ని మొయ్యవలసింది కింది వాళ్ళ నెత్తి మీది శ్లాబు. తేలిక ఇటుకలతో నింపడమో, చట్రం కట్టడమో, ఇంజనీరుని అడిగి చెయ్యాలి.

మా అమ్మ వచ్చే వేసవికి మళ్ళీ వెళ్ళాలని ఉంది, టిక్కెట్టు ఇంకా కొనలేదు. మరిదిగారూ, చట్రం కట్టే వడ్రంగి నాలుగు కొలతలు పంపమన్నాడని మా చెల్లెలు చెప్పింది. కిటికీ అడుగంచు, ప్లగ్గుల ఎత్తు, రాతి పలక మందం, రెండు మెట్ల ఎత్తు విడివిడిగా. ఆ మెట్లు రెండూ ఒకే ఎత్తున ఉన్నాయనుకోకండి, కొలిచి చూడండి. కొలత టేపు వంటింట్లో రెండో సొరుగులో ఉందిట.